కాపలా తప్పింది ఎవరిది? కైదు ఎవరికి?

హైదరాబాదులో ఎక్కడ బాంబు పేలినా ఆ చప్పుడు కోరుట్ల బీడీ కార్ఖానా దాకా వినిపిస్తుంది. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తున్న మా అమ్మీల చేతులు ఆగిపోతాయి. సిరిసిల్ల సాంచెల మోతలో కూడా వినిపిస్తుంది. జగిత్యాలలో చాయ్ హోటల్లో టీవీ ముందు కూర్చున్న మా వాళ్లు ఒకరి మొఖాలు ఒకరు చూసుకోరు. చచ్చిపోయినవాళ్ల కోసం దుఃఖం అందరికీ ఉంటుంది. మాకు ఆ దుఃఖంతో పాటు ఇంకొకటి ఉంటుంది. చేసినవాడి పేరు ఏమని చెబుతారో అన్న భయం. "యా అల్లా, ఆ పేరు మావాళ్లది కాకుండా చూడు" అని దుఆ చేస్తాం. ఈ దేశంలో ఇలాంటి దుఆ చేయాల్సిన గతి ఇంకెవరికైనా ఉందా?

చేసినవాడు ఎవడని అడగటం న్యాయమే. మేమూ అడుగుతాం, అందరికంటే గట్టిగా అడుగుతాం. వాడెవడో తేలకపోతే ఆ నేరం మా నెత్తినే ఉంటుంది కాబట్టి. అయితే దాని పక్కన అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. గేటు కాడ ఎవరున్నారు? ఎంతమందిని పెట్టారు? ఎందుకు అంతమందినే పెట్టారు? కాపలా చూడాల్సిన పెద్దసార్లు ఎవరు? ఈ ప్రశ్న మేం అడిగితే దేశద్రోహం అంటారు. వేరేవాళ్లు అడగరు. అందుకే ఇన్నేళ్లుగా సగం ప్రశ్నే నడుస్తోంది. ఆ సగం ప్రశ్నకు జవాబుగా మా పిల్లలను పట్టుకుపోతున్నారు.

2005 అక్టోబరు 12. దసరా పండుగ రోజు. మాకు రంజాన్ ఉపవాసాలు నడుస్తున్న నెల. ఆ సాయంత్రం బేగంపేటలోని హైదరాబాద్ పోలీస్ టాస్క్‌ఫోర్స్ ఆఫీసులోకి ఒక మనిషి బాంబుతో వచ్చి పేల్చుకున్నాడు. వాడు చచ్చాడు. కాపలా కాస్తున్న ఒక హోంగార్డు చనిపోయాడు. అది ఏ సినిమా హాలో, ఏ సంతో కాదు. రాజధాని నగర పోలీసుల సొంత ఇల్లు. నగరంలో ఎవడు ఏ మూల ఏం పన్నుతున్నాడో పసిగట్టడానికే పెట్టుకున్న ఆఫీసు. ఊరికి కాపలా కాసేవాళ్ల ఇంటికే కన్నం పడితే తలారిని అడగాలా, ఊళ్లో ఒక వాడను అడగాలా?

వాడనే అడిగారు. పాతబస్తీ గల్లీల నుంచి యువకులను పట్టుకున్నారు. కుట్ర కేసు పెట్టారు. కేసు పన్నెండేళ్లు నడిచింది. 2017 ఆగస్టు 10న నాంపల్లి కోర్టు విచారణ ఎదుర్కొన్న పది మందినీ నిర్దోషులని వదిలేసింది. పన్నెండేళ్లంటే మాటలా? ఆ కేసు మొదలైన రోజు పుట్టిన పిల్లవాడు కేసు కొట్టేసే నాటికి ఏడో తరగతికి వస్తాడు. జైలుకూ కోర్టుకూ మధ్య వాళ్ల జవానీ అరిగిపోయింది. పెళ్లి కావాల్సిన చెల్లెళ్ల సంబంధాలు తప్పిపోతే, "ఆ ఇంటివాళ్లా?" అని కిరాయికి ఇల్లు ఇవ్వకపోతే, అది ఏ తీర్పులోనూ రాయరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆ పది మంది చేయలేదంటే అసలు చేసినవాళ్లు బయటే ఉన్నారు. పన్నెండేళ్లు వాళ్లను వెతకలేదన్నమాట. లేదు, వీళ్లే చేశారు, మేం రుజువు చేయలేకపోయాం అంటారా? అయితే దర్యాప్తు తప్పింది. ఎటు తిప్పినా తప్పు ఖాకీ బట్టల దగ్గరికే వచ్చి ఆగుతుంది. మొదట కాపలా తప్పింది, తర్వాత దర్యాప్తు తప్పింది. రెండు తప్పులకూ కలిపి ఒక్క పెద్ద అధికారి ఉద్యోగం పోయినట్టు మేం వినలేదు. పోయింది ఒక హోంగార్డు ప్రాణం, పది మంది జిందగీ.

ఆ హోంగార్డు గురించి ఆగి ఆలోచించాలి. హోంగార్డు అంటే ఎవరు? రోజు లెక్కన డ్యూటీకి పైసలిచ్చే మనిషి. పోలీసు పనే చేస్తాడు, పోలీసు నౌకరీ కాదు. పింఛన్ లేదు. బీడీలు చుట్టే ఇంట్లో, సాంచె నడిపే ఇంట్లో, కూలికి పోయే దళితుల ఇంట్లో పుట్టిన పిల్లలే ఆ పనికి పోతారు. మా సాయబుల పిల్లలూ ఉన్నారు. అందరికంటే తక్కువ పైసలు తీసుకునేవాడిని అందరికంటే ముందు నిలబెడతారు. జీపులు, గన్‌మెన్లు, సెక్యూరిటీ గేట్లు పైవాళ్లకు. లాఠీ కర్ర, ప్లాస్టిక్ కుర్చీ కిందివాడికి. పేలితే కిందివాడు అమరుడు. ఒక పూలదండ, ఒక సెల్యూట్. ఆ గేటు కాడ అతన్ని ఎట్లా నిలబెట్టారు, తనిఖీకి ఏమిచ్చారు, తోడు ఎవరిని పెట్టారు అని అడిగితే అది ఆ చనిపోయినవాడి పక్షాన అడగటమే. అది పోలీసులను అవమానించడం ఎట్లా అవుతుంది?

మా తావున పోలీసు అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. ఊళ్లో క్యాంపు, రాత్రి సోదా, పొద్దున హాజరు. ఆ దెబ్బలు తిన్నది కూలీలు, మాదిగలు, మాలలు, పద్మశాలీలు, మా దూదేకులవాళ్లు. అప్పుడు అనుమానానికి పేరు నక్సలైటు. తర్వాత అనుమానానికి టోపీ, గడ్డం వచ్చాయి. లాఠీ మాత్రం అదే.

ఈ మూడు ఊళ్ల నుంచి ఎన్ని వేల మంది దుబాయ్, సౌదీ, మస్కట్ పోయారో లెక్క లేదు. పాస్‌పోర్టు కావాలంటే పోలీస్ వెరిఫికేషన్ కావాలి. హిందువుల పిల్లవాడు పోతే "ఎక్కడ పని, ఎంత జీతం?" అని అడుగుతారు. మా పిల్లవాడు పోతే "ఏ జమాత్‌కు పోతావు? పట్నంల ఎవరున్నరు? ఎవరెవరు ఫోన్ చేస్తరు?" అని అడుగుతారు. పట్నంలో ఏదైనా జరిగిన వారంలో పోతే ఆ ఫైలు కదలదు. వీసా గడువు అయిపోతుంది. ఏజెంటుకు కట్టిన అప్పు మిగిలిపోతుంది. అంటే మా పేర్లు రాసుకునే రిజిస్టర్లు ఉన్నాయి. మసీదుకు ఎవరు వస్తున్నారో, మదర్సాలో ఎవరు చదువుతున్నారో, ఎవరి అల్లుడు ఎక్కడి నుంచి వచ్చాడో అన్నీ రాసుకుంటారు. మాకు అభ్యంతరం ఉన్నా రాసుకుంటారు. సరే, మా రిజిస్టరు చూశారు. మరి మీ డ్యూటీ రిజిస్టరు ఎక్కడ? బాంబు పేలిన రోజు ఆ గేటు కాడ ఎవరి పేరు రాశారు? ఎవరి సంతకం ఉంది? మా రిజిస్టరు వాళ్లు చూడొచ్చు, వాళ్ల రిజిస్టరు మేం చూడకూడదు. పౌరుడికీ రయ్యత్‌కూ తేడా ఇదే గదా!

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు. ఆ మసీదు సర్కారు అజమాయిషీలో ఉన్నది. లోపల బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. నెత్తుటి బట్టలతో, ఏడుపుతో, కోపంతో బయటికి వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఇంకో అయిదుగురు చనిపోయారు. లోపల కాపాడలేకపోయిన పోలీసు బయట కాల్చగలిగాడు. తర్వాత ఎవరిని పట్టుకున్నారు? మా పిల్లలనే. కరెంటు షాకులు పెట్టారని, చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన వకీలు కూడా ఆ మాటలో నిజం ఉందని రాశాడు. కోర్టు వాళ్లను వదిలేసింది. కేసు సీబీఐకి పోయి ఇంకో దిక్కు తిరిగింది. హిందూత్వ గుంపులకు చెందినవాళ్లని నిందితులుగా చూపారు. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు ఆ అయిదుగురినీ వదిలేసింది. ఇప్పుడు మక్కా మసీదులో బాంబు పెట్టింది ఎవరు? ఎవరూ కాదు. తానే వచ్చి పేలింది!

కాల్పుల మీద జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. 2010లో నివేదిక ఇచ్చారు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం నివేదిక వచ్చిన ఆరు నెలల్లో, ఏం చర్య తీసుకున్నారో చెప్పే కాగితంతో కలిపి చట్టసభ ముందు పెట్టాలి. ఏళ్లకేళ్లు అది అల్మారాలోనే పడుకుంది. బడిలో ఫీజు ఆరు నెలలు కట్టకపోతే పిల్లవాడిని బయట నిలబెడతారు. సర్కారు చట్టాన్ని ఏళ్ల తరబడి కట్టకపోతే ఎవరిని నిలబెట్టాలి?

తప్పుడు కేసుల్లో ఇరికించిన వాళ్లకు 2011-12లో సర్కారు పరిహారం ఇస్తానన్నది. కొందరికి 3 లక్షలు, కొందరికి 20 వేలు. ఆ పైసలు కూడా నిలవలేదు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మేం చెప్పేది వేరే. ఆ పైసలు ఎవరి జేబులోవి? ప్రజలవి. బీడీ కట్ట మీద పన్ను కట్టే మా అమ్మీలవి కూడా. దెబ్బ కొట్టినవాడి జీతం నుంచి ఒక్క రూపాయి పోకుండా, దెబ్బ తిన్నవాడి పన్నుతో దెబ్బ తిన్నవాడికి మందు పూస్తారు. దీన్ని ఇన్సాఫ్ అంటారా?

ఇది కొత్తగా మొదలైంది కూడా కాదు. కాపలా తప్పడంలో అన్నిటికంటే పెద్దది 1992 డిసెంబరు 6. బాబ్రీ మసీదుకు ఏమీ కానివ్వనని యూపీ సర్కారు సుప్రీంకోర్టుకే మాట ఇచ్చింది. కేంద్ర బలగాలు దగ్గరలోనే ఉన్నాయి. ప్రధాని కుర్చీలో ఉన్నది మా పాత కరీంనగర్ జిల్లా వంగర నుంచి పోయిన పీవీ నరసింహారావే. పట్టపగలు, కెమెరాల ముందు, పోలీసులు చేతులు కట్టుకుని చూస్తుండగా గుమ్మటాలు కూలాయి. కల్యాణ్ సింగ్‌కు 1994లో పడిన శిక్ష ఒక్క రోజు జైలు, 2,000 రూపాయల జరిమానా. అదీ మసీదు కూలినందుకు కాదు, అంతకు ముందు జులైలో ఆ స్థలంలో కట్టడం ఆపనందుకు. లిబర్‌హాన్ కమిషన్ 17 ఏళ్లు తీసుకుని 2009లో నివేదిక ఇచ్చింది. 2019లో సుప్రీంకోర్టు ఆ కూల్చివేత చట్టవిరుద్ధమని చెప్పింది. 2020 సెప్టెంబరు 30న సీబీఐ కోర్టు 32 మందినీ వదిలేసింది. 2022లో కోర్టు ధిక్కార కేసులను కూడా మూసేశారు. తప్పు జరిగింది, చేసినవాడు లేడు. కాపలా తప్పింది, కాపలాదారు లేడు. మాకు ఈ పాఠం అప్పుడే మొదలైంది.

2015 ఏప్రిల్ 7 ఇంకా మరిచిపోలేదు. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకుపోతున్న అయిదుగురు ముస్లిం ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్చి చంపారు. చేతులకు బేడీలున్న శవాల ఫొటోలు దేశమంతా చూసింది. తుపాకీ గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. ఆ మాటే నిజమని ఒక్క నిమిషం ఒప్పుకుందాం. బేడీలు వేసిన ఖైదీలు ఆయుధాలున్న పోలీసుల దగ్గర తుపాకీ గుంజుకునేంత దాకా వచ్చారంటే ఆ ఎస్కార్టు ఎంత గొప్ప కాపలా? ఎవరి మీద చర్య తీసుకున్నారు? ఆ మాట అబద్ధమైతే అది హత్య. నిజమైతే విధి నిర్వహణలో ఘోరమైన తప్పు. మూడో దారి లేదు. సర్కారు మాత్రం మూడో దారి కనిపెట్టింది. సిట్ వేసి మరిచిపోవడం.

"ఎంత కాపలా పెట్టినా చావడానికి వచ్చినవాడిని ఎవరు ఆపగలరు?" అంటారు. నిజమే. ఆపలేకపోవచ్చు. ప్రతి బాంబుకూ ప్రతి పోలీసునూ ఉరి తీయమని మేం అనడం లేదు. ఎక్కడ తప్పిందో చెప్పమంటున్నాం. చెప్పే దేశాలున్నాయి. 2021 జనవరి 6న అమెరికాలో ట్రంప్ మనుషులు పార్లమెంటు భవనం మీద పడ్డారు. మర్నాడే అక్కడి పోలీసు చీఫ్ రాజీనామా ప్రకటించాడు. ఉభయ సభల భద్రతాధికారులూ దిగిపోవాల్సి వచ్చింది. అయిదు నెలల్లో సెనేట్ కమిటీలు ఎక్కడ ఎవరు తప్పారో నివేదిక అచ్చేశాయి. అమెరికా మాకు ఆదర్శం కాదు. ఇరాకులో, అఫ్ఘనిస్థాన్‌లో దాని చేతులకు ఎంత నెత్తురు అంటిందో మాకు తెలుసు. కానీ తన ఇంటి గేటు దగ్గర తప్పు జరిగితే గేటు మనిషిని అడగాలన్న ఇంగితం దానికుంది.

మన దేశానికీ ఆ ఇంగితం లేకపోలేదు. మనసుంటే వస్తుంది. 2023 డిసెంబరు 13న ఇద్దరు యువకులు లోక్‌సభ గ్యాలరీ నుంచి దూకి పసుపు పొగ వదిలారు. వాళ్ల పాసులకు సిఫారసు చేసింది ఒక బీజేపీ ఎంపీ. మర్నాడు ఎనిమిది మంది భద్రతా సిబ్బందిని సస్పెండ్ చేశారు. ఆ యువకుల మీద కఠినమైన ఉపా చట్టమే పెట్టారు, కాదనం. కానీ వాళ్లవి ముస్లిం పేర్లు కావు. కాబట్టి వాళ్ల కులం గల్లీల్లో సోదాలు జరగలేదు. వాళ్ల మఠాల పెద్దలు టీవీ ముందుకొచ్చి "మేం దేశభక్తులం" అని ప్రమాణం చేయలేదు. అందరూ అడిగింది ఒకటే, "లోపలికి ఎట్లా వచ్చారు?" అని. అదే సరైన ప్రశ్న. ఆ పేర్లు మావైతే ఆ ప్రశ్న ఎవరి నోటైనా వచ్చేదా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

పోలీసును అడిగితే పోలీసు మనోధైర్యం దెబ్బ తింటుందట. జవాబు చెప్పే అలవాటు లేని ధైర్యం ధైర్యం కాదు, దౌర్జన్యం. అది మా ఒక్కరి మీదే ఆగదు. 2017 జులైలో సిరిసిల్ల దగ్గర నేరెళ్లలో ఏం జరిగింది? ఇసుక లారీ కింద పడి మనిషి చనిపోతే జనం లారీలు తగలబెట్టారు. పోలీసులు దళితులను, బీసీలను పట్టుకుపోయి నడవలేనట్టు కొట్టారు. గొడవ పెద్దదైతే ఒక ఎస్సైని సస్పెండ్ చేసి చేతులు కడుక్కున్నారు. మమ్మల్ని కొట్టినప్పుడు ఊరు ఊరకుంటే ఆ లాఠీ రేపు వాళ్ల ఇంటికీ వస్తుంది. వచ్చింది కూడా. దళిత బహుజన సోదరులారా, ఈ మాట మీతోనే అంటున్నాం. మా దెబ్బ వేరు, మీ దెబ్బ వేరు అనుకున్నంత కాలం కొట్టేవాడికి తీరికే తీరిక.

మాలో మేం కూడా ఒక మాట అనుకోవాలి. బాంబు పేలగానే ఖండన ప్రకటన రాయడానికి మన పెద్దలు కలం వెతుక్కుంటారు. చేయనివాడు ఎందుకు సంజాయిషీ ఇవ్వాలి? మనిషిగా ఖండిద్దాం, ముద్దాయిగా కాదు. ఎన్నికలొస్తే ఇఫ్తార్ విందుల్లో మంత్రుల పక్కన కూర్చుని ఖర్జూరాలు తినే నాయకులు, ఆ మంత్రిని భాస్కరరావు నివేదిక ఏమైందని ఎన్నిసార్లు అడిగారు? ఇంకా లోతుగా పోతే, టాస్క్‌ఫోర్స్ ఆఫీసులో చనిపోయిన ఆ హోంగార్డు ఇంటికి మనలో ఎవరైనా పోయి కూర్చున్నామా? ఆయన బిడ్డలకూ నిజం తెలియలేదు. వాళ్ల నాయనను ఎవరు చంపారో, ఎవరి నిర్లక్ష్యం చంపిందో పన్నెండేళ్ల తర్వాత కూడా ఏ కోర్టూ చెప్పలేదు. జైలుకు పోయి వచ్చినవాళ్ల తల్లీ, ఆ హోంగార్డు ఇల్లాలూ ఒకే గుమ్మం ముందు నిలబడాల్సినవాళ్లు. వాళ్లిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడంలోనే సర్కారు బతుకుతోంది. ఆ ఎత్తు మనకు అర్థం కాకపోతే తప్పు మనది కూడా.

అందుకే అడుగుతున్నాం. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ పెట్టమన్నది. జిల్లాలో దానికి రిటైర్డ్ జిల్లా జడ్జి పెద్దగా ఉండాలన్నది. జగిత్యాల, సిరిసిల్ల 2016లో జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు కట్టారు, ఎస్పీ ఆఫీసులు కట్టారు. ఈ అథారిటీ తలుపు ఎక్కడుందో బీడీ కార్ఖానా ముందు నిలబడి ఒక్కరైనా చెప్పగలరా? ఆ తలుపు మాకు చూపండి. ఏ సర్కారీ ఇంట్లో బాంబు పేలినా, మంట లేచినా, నెత్తురు కారినా నిందితుల పేర్లతో పాటు ఆ రోజు కాపలా పెద్దల పేర్లూ ప్రకటించండి. కోర్టు వదిలేసిన ప్రతి కేసులో దర్యాప్తు చేసిన అధికారి జవాబు చెప్పాలి. సర్కారు అనుమతి లేకుండా అధికారి మీద కేసు నడపడానికి లేదని పాత సీఆర్పీసీ 197వ సెక్షన్ అన్నది, 2024లో వచ్చిన కొత్త చట్టంలో 218వ సెక్షన్ అంటున్నది. అనుమతి ఇవ్వమంటే, ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసి ఇవ్వండి. హోంగార్డుకు పూలదండ కంటే ముందు పర్మనెంటు నౌకరీ ఇవ్వండి.

ఇవి మేం కౌమ్ కోసం అడుగుతున్న రాయితీలు కావు. కలెక్టరేట్ మాది కూడా. అసెంబ్లీ మాది కూడా. పోలీసు ఠాణా మేం కట్టిన పన్నుతో కట్టిందే. మా ఇంటికి కాపలా పెట్టిన మనిషి నిద్రపోతే లేపి అడిగే హక్కు మాకు లేదా?

జగిత్యాల ఖిల్లా మీద పాత తోపులు ఇంకా ఉన్నాయి. ఆ కాలంలో బురుజు మీద కాపలావాడు కునుకు తీస్తే తెల్లారి కిల్లేదారు ముందు జవాబు చెప్పాల్సిందే. నవాబుల కాలం పోయింది, జమ్‌హూరియత్ వచ్చింది అంటారు. మరి జమ్‌హూరియత్‌లో కాపలావాడు కునుకు తీస్తే కోరుట్ల గల్లీలోని పిల్లవాడు ఎందుకు జవాబు చెప్పాలి?

మా పేర్ల రిజిస్టరు మీ చేతుల్లో ఉంది. ఇక మీ డ్యూటీ రిజిస్టరు తెరవండి.